సమితి కచేరీ నుంచి పొదుపు సంఘం దాకా



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యవర్గం వారు కోరారు. చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. మనవంటి గుమాస్తాలకు తెలిసిన శాసనాలు వేరు. అవి క్యాష్‌బుక్కులు, మస్టర్లు, లబ్ధిదారుల జాబితాలు, తనిఖీ నివేదికలు. స్వాతంత్ర్యం వచ్చాక పల్లె ప్రజల మేలు కోరి ఎన్నో సేవా పథకాలు వచ్చిన సంగతి అందరికీ విదితమే. వాటిని ప్రారంభించిన పెద్దల పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. వాటిని నడిపిన తీరు మాత్రం రికార్డు రూముల్లో చెదలకు ఆహారమవుతోంది. ఆ తీరు గురించి నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను 1973లో రాయలసీమలో ఒక పంచాయతీ సమితి కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరాను. 2008లో మండల పరిషత్తు సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ఈ ముప్ఫై అయిదేళ్ళలో నాకు తెలిసివచ్చిన సంగతి ఒక్కటే. పథకం తాలూకు రిజిస్టరు ఎవరి చేతిలో ఉంటుందో పథకం వారిదవుతుంది. ఈ మాట ఎంతవరకు నిజమో చదువరులే నిర్ణయించగలరు.

ఫిర్కా నుంచి బ్లాకు దాకా

ప్రభుత్వోద్యోగి పల్లెకు పోవడం మన దేశంలో కొత్త కాదు. దొరల కాలంలో శిస్తు వసూలుకు పోయేవాడు, సర్వేకు పోయేవాడు, నేర విచారణకు పోయేవాడు. పల్లెకు ఏదైనా ఇవ్వడానికి పోవడమే కొత్త. మద్రాసు రాష్ట్రంలో 1946లో, ప్రకాశం పంతులుగారు ప్రధానిగా ఉన్న రోజుల్లో, ఫిర్కా అభివృద్ధి పథకం మొదలైంది. మొదట 34 ఫిర్కాలను ఎంచుకున్నారు. బాటలు వేయడం, మంచినీటి బావులు తవ్వించడం, పారిశుద్ధ్యం, ఖద్దరు, కుటీర పరిశ్రమలు అందులోని పనులు. 1948లో ఉత్తరాదిన ఇటావా జిల్లాలో ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు సలహాతో మరో ప్రయోగం జరిగింది. నీలోఖేరీలో కాందిశీకుల కోసం ఎస్.కె. డే గారు ఒక ఊరినే నిర్మించారు.

ఈ అనుభవాల ఆధారంగా 1952 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దేశంలో 55 సమాజ వికాస ప్రాజెక్టులు ప్రారంభమయ్యాయి. ఒక్కో ప్రాజెక్టుకు సుమారు 300 గ్రామాలు, 2 లక్షల జనాభా. ఆ ప్రాజెక్టును మూడు బ్లాకులుగా విభజించారు. మరుసటి సంవత్సరం అదే రోజున జాతీయ విస్తరణ సేవ వచ్చింది. ఈనాటికీ మన నోట ఆడే 'బ్లాకు', 'బి.డి.ఓ.', 'విస్తరణాధికారి' అనే మాటలన్నీ అప్పటివే.

గ్రామసేవకుని డైరీ

ఈ యంత్రాంగం మొత్తానికి ఆఖరి కొస గ్రామసేవకుడు. వ్యవసాయం, పశువులు, పారిశుద్ధ్యం, వయోజన విద్య, సహకార సంఘం, యువజన సంఘం - అన్ని శాఖల పనీ ఒక్కడే చేయాలి. పేరే బహుళార్థక కార్యకర్త. ఆడవారి కోసం గ్రామసేవికలు, వారిపైన ముఖ్యసేవిక ఉండేవారు. సైకిలు మీద ఊరూరా తిరిగి, చూసిందీ చేసిందీ డైరీలో రాసి, నెలాఖరుకు బ్లాకు ఆఫీసులో ఇవ్వాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అటువంటి పాత డైరీలు చాలా చదివాను. ఏ రైతు పొలంలో ఏ విత్తనం వేయించాడో, ఎన్ని కంపోస్టు గుంతలు తవ్వించాడో, ఏ వీధిలో ఎవరు ఒప్పుకోలేదో అన్నీ అందులో ఉండేవి. ఈనాడు ఆ ఊళ్ళ చరిత్ర రాయదలచినవారికి అంతకన్న మంచి ఆధారం దొరకదని నా అభిప్రాయం.

అయితే ఆ డైరీ చదివేది ఎవరు? బి.డి.ఓ., విస్తరణాధికారులు, తనిఖీకి వచ్చే పై అధికారులు. ఊరివారు ఎన్నడూ చదవలేదు. పనుల్లో ప్రజల వాటా ఉండాలని నియమం. రొక్కంగానో, రాయీ ఇసుకా రూపంగానో, శ్రమదానంగానో ఇవ్వవచ్చు. ఎంత శ్రమ జరిగిందో రాసేది గ్రామసేవకుడు, దాన్ని రూపాయల్లోకి మార్చేది మనం. అయిదేళ్ళ మొదటి దశలో బ్లాకుకు 12 లక్షల రూపాయలు, మరో అయిదేళ్ళ రెండో దశలో 5 లక్షలు కేటాయింపు. ఖర్చు లెక్క చూపించాలన్న ఆత్రంలో ఊరి మాట వినడానికి వ్యవధి ఎక్కడిది?

ఈ లోపాన్ని ప్రభుత్వమే గుర్తించింది. 1957 జనవరిలో బల్వంతరాయ్ మెహతా గారి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం అదే ఏడాది నవంబరులో నివేదిక ఇచ్చింది. కార్యక్రమంలో ప్రజలు కలసి రాలేదని, ఎన్నికైన స్థానిక సంస్థలకు అధికారమూ నిధులూ అప్పగిస్తే తప్ప కలసి రారని వారు తేల్చారు. గ్రామ పంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు అనే మూడంచెల పద్ధతి దాని ఫలితమే.

సమితుల కాలం

ఈ విషయంలో మన ఆంధ్రప్రదేశ్ వెనుకబడలేదు. 1958లోనే జిల్లాకు ఒకటి చొప్పున 20 తాత్కాలిక సమితులతో ప్రయోగం చేశారు. రాజస్థాన్ తర్వాత రెండో రాష్ట్రంగా 1959 నవంబరు 1 నుంచి పంచాయతీరాజ్‌ను అమలుపరిచారు. ఆ సంవత్సరమే పాలమూరు జిల్లా షాద్‌నగర్‌కు నెహ్రూగారు వచ్చిన సంగతి మనలో పెద్దవారు ఇంట్లో వింటూ పెరిగినదే.

సర్పంచులు సమితి సభ్యులు, వారు ఎన్నుకున్నవాడు సమితి అధ్యక్షుడు. ప్రాథమిక పాఠశాలలు సమితి కింద, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తు కింద వచ్చాయి. ఈ సంఘంలోని ఉపాధ్యాయ మిత్రులు ఎందరో సమితి నియామకంతోనే కొలువు ప్రారంభించారు. బావులు, బాటలు, బడి గదులు, పశువైద్య ఉపకేంద్రాలు సమితి సమావేశంలో చర్చకు వచ్చేవి. సమావేశం నాడు తీర్మానాల పుస్తకం పట్టుకుని మూల కూర్చోవడం నా మొదటి విధుల్లో ఒకటి. ఏ ఊరికి బోరింగు పంపు అన్న దానిమీద గంటల తరబడి వాదించుకునేవారు. ఒకరిమీద ఒకరు అరుచుకునేవారు. ఆ అరుపులు విన్నప్పుడే నాకు ఒకటి తెలిసింది. రిజిస్టరు ఊరి దిక్కుగా ఒక అడుగు వేసింది. బ్లాకు ఆఫీసు నుంచి సర్పంచుల బల్లమీదకు వచ్చింది. కానీ అక్కడితో ఆగింది. సర్పంచి ఇంటి గడప దాటి హరిజనవాడకు, ఆడవారి దగ్గరకు చేరలేదు.

అరవైల నడిమికి బ్లాకుల కేటాయింపులు తగ్గాయి. కరువులు రావడంతో దేశం దృష్టి తిండి గింజల వైపు మళ్ళింది. డెబ్బైల చివరి నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో వచ్చిన 'శిక్షణ, సందర్శన' పద్ధతిలో గ్రామసేవకుణ్ణి వ్యవసాయానికే పరిమితం చేశారు. అన్ని పనులూ తెలిసిన మనిషి పోయి, శాఖకొక మనిషి వచ్చాడు. మస్సూరీలో ఉండి రాజేంద్రనగర్‌కు తరలివచ్చిన సమాజ వికాస సంస్థ కూడా 1977లో గ్రామీణాభివృద్ధి సంస్థ అని పేరు మార్చుకుంది. సమాజం అన్న మాట పోయి కుటుంబం అన్న మాట ముందుకు వచ్చిన కాలమది.

లక్ష్యాల రోజులు

సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం, మనం ఐ.ఆర్.డి.పి. అనుకునేది, 1978-79లో మొదలై 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకులకూ వచ్చింది. బ్లాకుకు ఏటా 600 కుటుంబాలు, అయిదేళ్ళకు 3,000 కుటుంబాలు. చిన్న రైతుకు నాలుగో వంతు, సన్నకారు రైతుకు, కూలీకి మూడో వంతు, గిరిజనులకు సగం సబ్సిడీ. మిగిలింది బ్యాంకు అప్పు. ఉద్దేశం ఉత్తమమైనది, అందులో సందేహం లేదు. పేదవాడికి బ్యాంకు గుమ్మం చూపిన మొదటి పెద్ద పథకం ఇదే.

కానీ దేశమంతటా అన్ని బ్లాకులకూ ఒకటే అంకె! వానపడే బ్లాకుకూ 600, పడని బ్లాకుకూ 600. ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే ఆఫీసులో లాంతర్లు వెలిగించుకుని జాబితాలు రాసేవాళ్ళం. మేత లేని ఊళ్ళకు కూడా పాడి పశువులే రాసేవారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్లు ఉండేది వ్యవహారం. జాబితా గ్రామసభలో చదివి వినిపించాలని నిబంధన ఉంది. చాలా చోట్ల ఆ సభ కాగితం మీదనే జరిగేది.

ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకు ఒక పెద్దావిడ వచ్చింది. కొంగున మూట కట్టి తెచ్చిన దాన్ని నా బల్లమీద విప్పబోయింది. "ఎనుము చెవి తెచ్చినా సామీ. ఇది చూపిస్తే ఇన్సూరెన్సు దుడ్లు వస్తాయని చెప్పినారు" అంది. పథకం కింద ఇచ్చిన పశువు చెవికి బిళ్ళ వేసేవారు. పశువు చనిపోతే బిళ్ళతో సహా ఆ చెవి కోసి చూపితే తప్ప బీమా సొమ్ము రాదు. ఆమె పదకొండు మైళ్ళు నడిచి వచ్చింది. తీరా చూస్తే చెవి బిళ్ళమీది నంబరుకు, బ్యాంకు కాగితాల్లోని నంబరుకు ఒక అంకె తేడా. ఒక చోట 6, మరో చోట 0. బీమా వారు క్లెయిము తిప్పి పంపారు. "కూర్చో అమ్మా" అని చెప్పి నేను, మా అటెండరు కలసి పాత కట్టలన్నీ దించాం. సాయంత్రానికి కొనుగోలు కమిటీ సంత రోజున రాసుకున్న అసలు జాబితా దొరికింది. అందులో బిళ్ళ నంబరు సరిగా ఉంది. బి.డి.ఓ. గారి సంతకంతో నకలు పంపితే కొన్ని నెలలకు సొమ్ము మంజూరయింది, ఆమె అప్పు తీరింది.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. గమనించవలసింది వేరొకటి. ఈ పథకంలో ప్రతి కుటుంబానికీ 'వికాస పత్రిక' అనే చిన్న పుస్తకం ఇవ్వాలని ఉత్తర్వు. పశువు వివరం, అప్పు, సబ్సిడీ, కట్టిన వాయిదాలు అన్నీ అందులో ఉండాలి. ఆమెకు ఆ పుస్తకం చేరనేలేదు. చేరి ఉంటే ఆ ఒక్క అంకె ఆమె ఇంట్లోనే ఉండేది. ఆ రోజు కట్ట దొరికింది గనుక సరిపోయింది. దొరకని వారి సంగతి ఏమిటి? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదని లోకులు మనల్ని ఆడిపోసుకునేవారు. పూజారి చేతిలో ఒక్కడి చేతిలోనే తాళం ఉన్నంత కాలం ఆ మాట పడక తప్పదు.

తూకం కార్డు

ఇంతలో మరో తరహా పథకం చడీచప్పుడు లేకుండా పెరిగింది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవలు ప్రారంభమయ్యాయి. మన రాష్ట్రంలో అనంతపురం జిల్లా కంబదూరు, ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు మొదటివి. సుమారు వెయ్యి జనాభాకు ఒక అంగన్‌వాడీ, అందులో ఆ ఊరి ఆడపడుచే కార్యకర్త. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, పూర్వ ప్రాథమిక విద్య, తల్లులకు ఆరోగ్య బోధ అనే ఆరు సేవలు ఆమె చేతిమీదుగా జరగాలి.

ఆమె దగ్గర ఉన్న రిజిస్టర్లన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది పిల్లల తూకం కార్డు. నెలనెలా బిడ్డను తూచి కార్డు మీద చుక్క పెడుతుంది. చుక్కలు కలిపిన గీత పైకి పోతే బిడ్డ పెరుగుతున్నట్లు, అడ్డంగా పోతే ఆగినట్లు, కిందికి దిగితే ప్రమాదం. అక్షరం రాని తల్లికి కూడా ఆ గీత అర్థమవుతుంది. ప్రభుత్వ కాగితం ఒకటి చదువురాని మనిషి చదవగలగడం నా సర్వీసులో అదే మొదటిసారి చూశాను. గీత దిగిందని చూసిన తల్లి ఇంటికి పోయి ఊరుకోదు. కార్యకర్తను నిలదీస్తుంది, నర్సమ్మను అడుగుతుంది.

పొదుపు పుస్తకం

డ్వాక్రా 1982-83లో ఐ.ఆర్.డి.పి.లో భాగంగా వచ్చింది. దేశంలో 50 జిల్లాలతో మొదలు. పది, పదిహేను మంది స్త్రీలు ఒక గ్రూపు, గ్రూపుకు 15,000 రూపాయల రివాల్వింగు ఫండు. మొదటి పదేళ్ళు మా ఆఫీసులో దానికి ఒక పక్కనున్న ఫైలు మాత్రమే. అగరుబత్తీలు, అప్పడాలు అంటూ కొన్ని గ్రూపులు పెట్టేవారు, కొన్నాళ్ళకు మూతపడేవి.

దాని జాతకం మార్చింది ప్రభుత్వం కాదు. 1991లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరాస్యత ఉద్యమం, దాని వెంట 1992లో దూబగుంట ఆడపడుచులు లేవదీసిన సారా వ్యతిరేక పోరాటం మార్చాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలయింది. సారాకు పోకుండా మిగిలిన డబ్బు ఏం చేయాలి? రోజుకొక రూపాయి దాచుకోవాలన్నారు. నెల్లూరులో దానికి 'పొదుపు లక్ష్మి' అని పేరు. 1992లోనే నాబార్డు స్వయం సహాయక సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే ప్రయోగం చేపట్టింది. పై నుంచి వచ్చిన గ్రూపూ, కింది నుంచి వచ్చిన పొదుపూ కలిశాయి. కొన్నేళ్ళలో దేశంలో మరే రాష్ట్రంలోనూ లేనన్ని సంఘాలు మన రాష్ట్రంలో వెలిశాయి. 1999 ఏప్రిల్‌లో డ్వాక్రా, ఐ.ఆర్.డి.పి. రెండూ స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయాయి. పథకం పేరు పోయినా మన ఊళ్ళలో డ్వాక్రా అన్న మాట పోలేదు.

ఆ రోజుల్లో తనిఖీ కోసం ఒక ఊరి సంఘం సమావేశానికి పోయాను. చెట్టు కింద చాప పరచుకుని కూర్చున్నారు. చదువుకున్న కోడలు ఒకతె పుస్తకం తీసి, ఎవరెంత కట్టారు, ఎవరి బాకీ ఎంత, పెట్టెలో ఎంత ఉందీ పైకి చదివింది. ఒక ముసలమ్మ "నా పది రూపాయలు రాయలేదే" అంది. వెతికితే మరొకరి పేరు కింద పడ్డాయి. అక్కడికక్కడే దిద్ది, మళ్ళీ చదివింది. మన ఆఫీసులో ఆ తప్పు బయటపడాలంటే ఆడిట్ పార్టీ రావాలి, అభ్యంతరం రాయాలి, జవాబు పోవాలి, ఏళ్ళు పట్టాలి. అక్కడ నిమిషంలో తేలింది. నిరక్షరాస్యులు కూడా లెక్క పట్టగలరు, చదివి వినిపించేవారు ఉంటే చాలునని ఆనాడు నాకు రూఢి అయింది. అప్పు తిరిగి కట్టడంలో ఆడవారి సంఘాలు పేరు తెచ్చుకోవడానికి వేరే రహస్యం లేదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా మనమంతా చూశాం. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఊళ్ళలోకి వచ్చి వారంవారం వసూళ్ళకు దిగాయి. లెక్క పుస్తకం ఏజెంటు చేతిలో, సంతకం ఆడవారిది. ఒక అప్పు తీర్చడానికి మరొకటి చేసి, ఒత్తిడికి తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పుస్తకం చెయ్యి మారితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

గ్రామసభలో మస్టరు

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. నా సర్వీసు చివరి రెండేళ్ళు ఆ కాగితాలతోనే గడిచాయి. కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని, కూలీ ఇంట్లోనే జాబ్‌కార్డు, 15 రోజుల్లో వేతనం, గ్రామసభలో సామాజిక తనిఖీ అని చట్టంలోనే రాశారు. మస్టరు అనేది మన లోకంలో ఎంత గుట్టుగా ఉండే కాగితమో మీకు చెప్పనక్కరలేదు. ఆ మస్టరును మన రాష్ట్రంలో ఊరి నడుమ చదివి వినిపించారు. చనిపోయినవారి పేర్లు, ఊళ్ళో లేనివారి పేర్లు బయటపడ్డాయి. కొందరు ఉద్యోగులు ఇబ్బందిపడ్డ మాట వాస్తవం. కానీ 1952లో గ్రామసేవకుని డైరీలో మూసి ఉంచిన లెక్క యాభై నాలుగేళ్ళకు ఊరి ముందు తెరుచుకోవడం సామాన్యమైన సంగతి కాదు.

ఇప్పటి సంగతి

ఇప్పుడు రిజిస్టరు కనబడకుండా పోయింది. అంతా కంప్యూటరులో, సెల్‌ఫోనులో ఉంది. 2021 నుంచి అంగన్‌వాడీ తూకాలు కూడా ఫోనులోనే ఎక్కిస్తున్నారు. దీనివల్ల మేలు లేదనను. దొంగ పేర్లు తగ్గాయి, సొమ్ము నేరుగా ఖాతాలో పడుతోంది. మనం జీవన ధ్రువపత్రం కోసం ట్రెజరీ వరండాలో నిలబడే అవసరమూ తగ్గింది. కానీ వేలిముద్ర అరిగిపోయిన ముసలివారికి యంత్రం 'మీరు మీరు కారు' అన్నప్పుడు ఎవరిని అడగాలో తెలియక నిలబడడం మనలో ఎందరికో అనుభవమే. మనకే అలా ఉంటే ఎనుము చెవి మూటగట్టుకొచ్చిన అవ్వకు ఎలా ఉంటుంది? ఆనాడు కట్ట దించి వెతకడానికి కట్ట అయినా ఉంది.

అందుచేత విశ్రాంత ఉద్యోగ మిత్రులకు నా మనవి ఒక్కటే. మనకు జీతం ఇచ్చి నేర్పిన విద్య లెక్క చదవడం. ఊళ్ళో పొదుపు సంఘం సమావేశం జరిగేటప్పుడు వారు పిలిస్తే వెళ్ళి కూర్చోండి. పుస్తకం మీరు పట్టుకోవద్దు, వారితోనే పైకి చదివించండి. పింఛను రాని వృద్ధురాలు కనబడితే ఫోనులో ఏ కారణం చూపుతోందో చదివి ఆమెకు తెలుగులో చెప్పండి, అర్జీ రాసిపెట్టండి. గ్రామసభ జరిగే రోజున జాబితా చదవమని అడగండి. సర్వీసులో ఉండగా అడగడానికి జంకు ఉండేది. ఇప్పుడు మనకు బదిలీ భయం లేదు, మెమో భయం అంతకన్నా లేదు!

ఈ వ్యాసం చదివిన మిత్రులు తమ తమ సమితుల, మండలాల అనుభవాలను కూడా రాసి సంఘానికి పంపితే ముందు తరాలకు ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాను.